మా పంతిలో కూర్చున్న మొదలాళమ్మ

నువ్వుల నూనెలో మునగాకు వేగుతున్న వాసన వస్తే అందరికీ ఆకలి వేస్తుందేమో, నాకు మాత్రం కోపం వస్తుంది. పోయిన వారం మా మేడ మీద వాటాలో కొత్తగా దిగినవాళ్ళ వంటింట్లోంచి ఆ వాసన మెట్ల మీదుగా కిందికి వచ్చింది. ఎండుమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు, ఆఖర్న చల్లే కొబ్బరి తురుము, అన్నీ తెలిసిపోతున్నాయి. ఆ ఇంటి కోడలికి ఇప్పుడు ఆరో నెల. పరవాలేదే, పిల్లకు ఎవరో మంచి తిండి చేసి పెడుతున్నారు అనుకున్నాను. అంతలోనే పైనుంచి ఓ పెద్దావిడ గొంతు వినిపించింది: "ఇది నీకు వద్దులే. రెండు మెతుకుల్లో రసం పోసుకొని తిను, చాలు. బిడ్డ పెద్దదైతే కాన్పులో కష్టపడేది నువ్వే." నా ఒళ్ళు మండిపోయింది. రాజపాళయంలో వీధికో స్కాన్ సెంటర్ వచ్చింది, చేతికో ఫోన్ వచ్చింది, ఈ మాట మాత్రం చావలేదు. మెట్లెక్కి వెళ్ళి నేనేం మాట్లాడానో ఇక్కడ రాయను. ఆ ఇంటివాళ్ళు ఆ రోజు నుంచి నన్ను చూస్తే తలుపు వేసుకుంటున్నారు. వేసుకోనీ. ఈ నోరు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళికి ముందు నేను నలుగురిలో దగ్గడానికి కూడా సిగ్గుపడేదాన్ని. నాకు ఈ నోటిని ఇచ్చిన మనిషి పేరు రంగనాయకి అమ్మ.

ఆమెను మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. సత్రపట్టి వైపు మగ్గాల మీద ఆసుపత్రుల్లో పుండ్లకు కట్టే పల్చటి తెల్ల గుడ్డ నేస్తారు. ఆ గుడ్డను కోసి, చుట్టి, కట్టలు కట్టే షెడ్డు ఒకటి రంగనాయకి అమ్మది. భర్త పోయాక ఆమే నడిపేది. పనివాళ్ళం అందరం ఆమెను మొదలాళమ్మ అని పిలిచేవాళ్ళం, అంటే యజమానురాలని. ఈ ఊరు కట్టిన కుటుంబాల మనిషి ఆమె. మేమూ తెలుగువాళ్ళమే, మేమూ తరాలుగా ఈ తమిళనాడులోనే ఉన్నాం, కానీ వాళ్ళది కుర్చీలో కూర్చుని మాట్లాడే తెలుగు, మాది నిలబడి మాట్లాడే తెలుగు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. తిండి మరీ తక్కువ, రెండు పిడికిళ్ళ అన్నంతో పూట గడిపేసేది. గొంతు మాత్రం షెడ్డు అవతల రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించేది. ఆమెను దేవత అని చెప్పడానికి నేను రాయడం లేదు. గుడ్డ ముక్క కింద పడితే అరిచేది, ఆలస్యంగా వస్తే అరిచేది, బాగా పని చేస్తే మాత్రం ఒక్క మంచి మాట నోటి నుంచి వచ్చేది కాదు. ఒక్కటి మాత్రం ఊరంతా ఒప్పుకునేది, ఆమె అబద్ధం ఆడదు. బంధువుల ఇంటి పెళ్ళిలో పెళ్ళికొడుకు తల్లి వచ్చి "పాయసం ఎట్లుండాది?" అని అడిగితే "అడుగంటింది" అని పదిమందిలో చెప్పి వచ్చిన మనిషి.

మాది సేత్తూరు. పెళ్ళి చేసుకుని రాజపాళయం వచ్చాను. మా ఆయన గణేశన్ లోడు వ్యాను నడిపేవాడు, ఇంట్లో ఆయన తమ్ముడు, మా అత్త గురువమ్మ. నేను ఆ షెడ్డులో చేరిన కొద్ది నెలలకే నీళ్ళోసుకున్నాను. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పదకొండు గంటలకు గర్భిణీలు ఎవరున్నా సరే మొదలాళమ్మ గది ముందున్న బల్ల మీద వరసగా కూర్చుని, తెచ్చుకున్న క్యారియర్ మూత తీసి ఆమెకు చూపించాలి. నాకు చచ్చేంత సిగ్గు. మూత తీశాను. లోపల నీళ్ళన్నం, అందులో ఒక ఊరగాయ ముక్క.

"ఏమే, ఇది ఎవరికి?" అని అడిగింది.

"నాకేనమ్మా."

"నీకా? షెడ్డులో తిరిగే పిల్లికా?"

అందరూ పక్కున నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది, దాంతోపాటు పౌరుషమూ వచ్చింది. "మా అత్త చానా మంచిదమ్మా," అన్నాను.

"మంచిది కాదని నేను చెప్పినానా? ఈ సాప్పాడు మంచిది కాదు. ఇంట్లో నువ్వు ఎప్పుడు తింటావు?"

"అందరూ తిన్నాక."

"అందరూ తిన్నాక కుండలో ఏమి ఉంటాది?"

ఆమె ఉడికించిన గుడ్డు ఒకటి, వేరుశనగ ఉండ ఒకటి నా ముందు పెట్టి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చుంది. "తిను. నువ్వు నమిలేదాకా నేను చూస్తా ఉంటాను. దాచి ఇంటికి ఎత్తుకుపోయేవాళ్ళను నేను చానా మందిని చూసినాను." నేను కన్నీళ్ళతో కలిపి ఆ గుడ్డు మింగాను. ఆ రోజు ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒకరి ఇంటి కుండలో ఏముందో ఈమెకెందుకు అనుకున్నాను.

అసలు కోపం ఎవరి మీద రావాలో నాకు అప్పుడు తెలియదు. మా అత్త ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకునేది: "మా కోడలికి ఆకలే తెలీదు. పెడితే తింటాది, పెట్టకపోతే అడగదు." అది విని నేను లోపల పొంగిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. ఆకలి తెలియకపోవడం ఒక గుణమా? కడుపులో ఇంకో ప్రాణాన్ని మోస్తున్నది ఇంట్లో అందరికంటే ఆఖర్న తినాలని, అదీ గిన్నె గీకి తినాలని ఎవడు పెట్టాడు ఈ చట్టం? మగవాళ్ళకు కూర, పిల్లలకు గుడ్డు, కోడలికి ఓర్పు! ఆ ఓర్పును అందరూ మెచ్చుకుంటారు, ఎందుకంటే దానికి ఎవరికీ ఖర్చు లేదు. పైగా ఆసుపత్రికి వెళితే "ఏమ్మా, సరిగ్గా తినడం లేదా?" అని చీవాట్లు పడేదీ ఆమెకే. ఇంట్లో వడ్డించే చేతిని పిలిచి ఎవరూ అడగరు.

అయితే మా అత్తను రాక్షసి అనుకుంటే మీరు పొరబడినట్టే. అలాంటి మనిషైతే నేను ఎప్పుడో పోట్లాడి బయటపడేదాన్ని. ఆమె నన్ను నీళ్ళ బిందె ఎత్తనిచ్చేది కాదు. సాయంత్రం నా కాళ్ళు వాస్తే వేడినీళ్ళు కాచి, కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కడిగేది. తలకు నూనె రాసి దువ్వేది. తిండి దగ్గర మాత్రం రాయి. ఐదో నెలలో పరీక్ష చేసిన నర్సమ్మ ఒంట్లో రక్తం చాలా తక్కువగా ఉందని, బాగా తినమని, రోజూ ఇనుము మాత్రలు వేసుకోమని చెప్పి పంపింది. ఇంటికి రాగానే అత్త ఆ మాత్రలు తీసుకుని చీర కొంగులో ముడి వేసుకుంది.

"వద్దు కన్నా. ఈ మాత్తిరలు మింగితే బిడ్డ లావైపోతాది," అంది. "నా కాళీశ్వరి కత నీకు తెలుసు కదా."

తెలుసు. కాళీశ్వరి మా ఆయనకు అక్క. నా పెళ్ళికి ముందే మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి, కాన్పులో చనిపోయింది. బిడ్డా దక్కలేదు. బిడ్డ పెద్దదై ఇరుక్కుపోయిందని ఎవరో అన్నారు. ఆ మాట మా అత్త గుండెలో పాతుకుపోయింది. ఆ సాయంత్రం నా ముందు కూర్చుని, అన్నం గరిటె చేతిలో పట్టుకుని, ఆమె చెప్పిన మాట నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

"కాళికి రోజూ ఒక గరిటే పెట్టాలనుకున్నాను. అది ఆకలి అమ్మా అని ఏడుస్తే, తల్లి మనసు కదా, తట్టుకోలేక రెండో గరిటె వేసినాను. ఆ రెండో గరిటే దాన్ని తీసుకుపోయింది. నిన్నయినా నేను కాపాడుకోవాల. ఎంత ఏడ్చినా నీకు ఒక గరిటే."

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. ప్రేమతోనే నన్ను పస్తు పెడుతోంది! ఇలాంటి ప్రేమతో ఎవరు పోట్లాడగలరు? నేను ఆ ఒక గరిటె తిని చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు ఈ సంగతంతా మొదలాళమ్మకు చెప్పాను. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. లేచి గదిలోకి వెళ్ళి, నన్నూ రమ్మని, తలుపు దగ్గరగా వేసింది. కాళీశ్వరి ఆ షెడ్డులోనే పని చేసిందని నాకు అప్పుడే తెలిసింది.

"పుట్టింటికి వచ్చినాక కూడా ఎనిమిదో నెల దాకా ఇక్కడ గుడ్డ చుట్టింది," అంది. "దాని మొహం ఆ గుడ్డకన్నా తెల్లగా ఉన్నింది. గోళ్ళు తెలుపు, నాలిక తెలుపు. మెట్టు ఎక్కితే ఆయాసం. నేను చూస్తానే ఉన్నాను. నొప్పులు వచ్చినప్పుడు నా కారులోనే పంపించినాను, వెనకాలే పోయినాను. బిడ్డను నా చేతికే ఇచ్చినారు జయా. పెద్దదా? పిల్లికూనంత ఉన్నింది. కాన్పు అయినాక రక్తం ఆగలేదు. పోయేదానికి దాని ఒంట్లో రక్తమే లేదని డాక్టరమ్మ చెప్పింది. మీ అత్త అప్పుడు స్పృహ లేకుండా పడి ఉన్నింది, ఆమె బిడ్డను చూడలేదు. ఎవతో బిడ్డ పెద్దది అని కూసింది, అదే పట్టుకున్నింది."

"మీరు చూస్తా ఉన్నారు కదమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అప్పుడే ఏమి తింటా ఉండావని దాన్ని ఎందుకు అడగలేదు?"

నన్ను గెంటేస్తుందనుకున్నాను. ఆమె కిటికీలోంచి కొండల వైపు చూస్తూ చెప్పింది: "అడగలేదు. అది వాళ్ళ ఇంటి సంగతి అనుకున్నాను. పని సాగుతా ఉన్నింది, అడగలేదు." ఆ తర్వాతే ఆమె గది ముందు ఆ బల్ల వేయించిందట. నాకు ఆమె మీద జాలి కలగలేదు, నిజం చెబుతున్నాను, మండిపడ్డాను. ఒక ఆడమనిషి తెల్లబడిపోతుంటే ఇంట్లో ప్రేమ చూడలేదు, షెడ్డులో పని చూడలేదు. ఇద్దరూ కళ్ళున్నవాళ్ళే. ఆ కోపం నా ముఖంలో ఆమెకు కనిపించే ఉంటుంది. "కోపం వచ్చిందా? రానీ. మీ ఇంట్లో నువ్వు నోరు తెరిచేదానికి అది పనికొస్తాది," అంది.

నేను ఇంట్లో నోరు తెరవలేకపోయాను. ఏమని తెరవాలి? నీ కూతుర్ని చంపింది రెండో గరిటె కాదు, నువ్వు పెట్టని మిగతా గరిటెలు అని చెప్పాలా? ఏ నోటితో చెప్పను?

ఏడో నెలలో వళకాపు చేశారు, గర్భిణికి గాజులు తొడిగే వేడుక. చెంపలకు చందనం, రెండు చేతుల నిండా గాజులు, ఎదురుగా అరిటాకులో ఐదు రకాల అన్నాలు: పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరి అన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి. మా వాళ్ళలో వాడిక ఏమిటంటే, గర్భిణి ఒక్కో రకం వేలితో నోట పెట్టుకోవాలి, ఫోటో తీసుకోవాలి, తర్వాత ఆ ఆకు ఎత్తి పిల్లల కోసం ఎదురు చూస్తున్న ఆడవాళ్ళకు పంచాలి. పొద్దుటి నుంచి నాకు కాఫీ తప్ప ఏమీ లేదు. పులిహోర వాసనకు కళ్ళు తిరుగుతున్నాయి. ఐదు మెతుకులు ఐదు సార్లు తిన్నాను. అత్త వంగి ఆకు మీద చెయ్యి వేసింది. అదే ఆకు మీద ఇంకో చెయ్యి పడింది. ముందు వరస కుర్చీలో కూర్చున్న మొదలాళమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో నేను చూడలేదు.

"ఎత్తవద్దు," అంది.

"ఇది వాడిక కదమ్మా," అంది అత్త నవ్వుతూనే.

"ఫోటోకు పెట్టి ఎత్తేదానికి ఇది బొమ్మా? ఐదు రకాలు వండినారు, వీధంతా తింటాది, కడుపుతో ఉండేదానికి మాత్రం వాసన! సిగ్గుగా లేదా మీకు? దాని కనురెప్ప కిందికి లాగి చూడండి, రక్తం ఉండాదా? గాజులు తొడిగినారే, ఆ చేతిలో మాంసం ఉండాదా?"

పందిట్లో అందరూ మా వైపు తిరిగారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అత్త నిటారుగా నిలబడింది. "నా బిడ్డ పోయిందమ్మా. కాన్పు అంటే ఏమిటో నాకు తెలిసినట్టు మీకు తెలుసా? బిడ్డ లావై నా బిడ్డ చచ్చింది. మీరు నాకు చెప్పేదానికి వచ్చినారా?"

మొదలాళమ్మ నోరు తెరిచింది. ఏ మాట రాబోతోందో ఆ పందిట్లో నాకొక్కదానికే తెలుసు. ఆమె ఒక్క క్షణం మా అత్త ముఖంలోకి చూసి నోరు మూసుకుంది. ఆకు వదిలేసి, ఏమీ తినకుండా, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది. జనం ఆమెనే తిట్టారు. శుభకార్యంలో వచ్చి రభస చేసింది, డబ్బున్నదాని పొగరు అన్నారు. ఆకలితో ఉన్న నన్ను చూసి మాత్రం ఒక్కరూ అయ్యో అనలేదు. ఆ సాయంత్రమే అత్త తేల్చి చెప్పింది: "ఇంక షెడ్డుకు పోవద్దు." గణేశన్ గోడ వైపు చూశాడు. మా ఆయన చెడ్డవాడు కాదు, తల్లి ఏడుస్తుందంటే భయపడేవాడు. నేను ఆ రోజుల్లో అన్నం కలలు కనేదాన్ని. మేలుకుని ఉన్నప్పుడు బిడ్డ కదులుతోందా లేదా అని పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. కాళీశ్వరి వెళ్ళిన దారిలోనే నేనూ వెళుతున్నానని నాకు తెలుసు. తెలిసీ నోరు పెగల్లేదు.

రెండు రోజులు గడిచాక, మధ్యాహ్నం మా వాకిట్లో మొదలాళమ్మ కారు ఆగింది. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది, పోట్లాటకు సిద్ధమై. మొదలాళమ్మ చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని ముఖం తుడుచుకుంది. "గురువమ్మా, ఆకలి వేస్తా ఉండాది. సాప్పాడు పెడతావా?"

ఊరు కట్టిన ఆ కుటుంబాలవాళ్ళు మా ఇళ్ళలో మంచినీళ్ళు కూడా పుచ్చుకోరు. పెళ్ళికి పిలిస్తే వస్తారు, వీధిలో వేసిన కుర్చీలో కూర్చుని వెళ్ళిపోతారు. కానీ వాకిట్లో నిలబడి అన్నం అడిగిన మనిషిని, పగవాళ్ళయినా సరే, లేదని పంపే ధైర్యం మా వాళ్ళలో ఎవరికీ లేదు. అత్త లోపల చాప వేసి, ఆకు వేసింది. మొదలాళమ్మ కూర్చుని చుట్టూ చూసింది. "నేను ఒంటరిగా తినను. జయను పిలువు. నా పక్కన దానికీ ఆకు వెయ్యి."

అప్పుడు అర్థమైంది నాకు. అత్తకూ అర్థమైంది. ఒకే పంతిలో, అంటే ఒకే భోజనాల వరసలో, కూర్చున్న ఇద్దరికి రెండు రకాలుగా వడ్డించకూడదు. ఇది మా వాళ్ళ పట్టింపు. ఒక ఆకులో రెండు గరిటెలు, పక్క ఆకులో ఒక గరిటె వేసిన ఆడదాన్ని పంతి తప్పిన మనిషని వీధిలో చెప్పుకుంటారు, ఆమె చేతి అన్నం తినడానికి ఎవరూ రారు. వేరు వేరుగా కూర్చుంటే ఎవరికెంత పెట్టినా అడిగేవాడు లేడు. కోడలు ఎప్పుడూ ఒంటరిగా, ఆఖర్న, వంటింట్లో తింటుంది కాబట్టే ఈ ఘోరం సాగుతోంది. అత్త ముందు మొదలాళమ్మ ఆకులో రెండు గరిటెలు వేసి, తర్వాత నా ఆకులో రెండు గరిటెలు వేసింది.

"ఇంకొంచెం వెయ్యి," అంది మొదలాళమ్మ.

నాకూ ఇంకొంచెం పడింది.

అది మొదలు ఆమె రోజూ వచ్చింది. "మునగాకు చెయ్యి గురువమ్మా, నోరు ఊరుతా ఉండాది." "గుడ్డు పెట్టు, నాకు గుడ్డంటే ప్రాణం." ప్రాణమూ లేదు, ఏమీ లేదు, ఆమెకు గుడ్డు వాసనే పడదని షెడ్డులో అందరికీ తెలుసు. రెండు పిడికిళ్ళు తినే మనిషి నా కోసం మూడు సార్లు వడ్డించుకునేది. తిని లేవలేక గోడ పట్టుకుని లేచేది. కారు దాకా మెల్లగా, పొట్ట మీద చెయ్యి వేసుకుని నడిచేది. చివర్న తన బ్యాగులోంచి ఏదో మాత్ర తీసి మింగుతూ, ఇంకోటి నా చేతిలో పెట్టేది: "పంతి కదా, నేను మింగితే నువ్వూ మింగాల." అవి నర్సమ్మ నాకు చెప్పిన ఇనుము మాత్రలే. అత్త చూసేది, పళ్ళు బిగపట్టుకునేది, నీళ్ళ చెంబు ఇద్దరికీ అందించేది. మొదలాళమ్మ ఇంట్లో పెద్ద గొడవే అయిందని షెడ్డువాళ్ళు చెప్పారు. ఆమె కొడుకు షెడ్డులో అందరి ముందూ అరిచాడట: "పనివాళ్ళ ఇంట్లో నేల మీద కూర్చుని తింటా ఉండావంట, ఊళ్ళో తల ఎత్తుకోలేకపోతా ఉండాను." ఆమె గుడ్డ మడత పెడుతూనే "అయితే దించుకొని ఉండు," అందట.

మా అత్త అమాయకురాలు కాదు. ఒకరోజు వడ్డిస్తూ గరిటె ఆపింది. "అమ్మా, మీరు ఆకలికి తినడం లేదు. నా కోడలి ఆకు కోసం తింటా ఉండారు. నాకు తెలుసు."

"తెలిసే వడ్డిస్తా ఉండావు కదా. ఇంకేమి?"

"బిడ్డ లావై దీనికేమన్నా అయితే ఆ పాపం మీది."

"సరి, నాదే. ఆ మునగాకు ఇంకొంచెం వెయ్యి."

అత్త వేసింది. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పోట్లాడుకునేవాళ్ళు, మధ్యలో కూర్చుని నేను తినేదాన్ని. నెల తిరిగేసరికి నా గోళ్ళకు రంగు వచ్చింది. మెట్టు ఎక్కితే ఆయాసం తగ్గింది. లోపల బిడ్డ తంతుంటే చీర మీద కూడా కనిపించేది. అత్తకు అది చూస్తే భయం. మారియమ్మకు మొక్కులు మొక్కేది, అయినా పంతి తప్పలేదు.

నొప్పులు ఒక తెల్లవారుజామున వచ్చాయి. పెద్దాసుపత్రికి వెళ్ళాం, మధ్యాహ్నానికి కూతురు పుట్టింది. బొద్దుగా, ఎర్రగా, ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. తర్వాత నాకు రక్తం పోవడం మొదలైంది. చుట్టూ కాళ్ళ చప్పుడు, ఎవరో నా పొట్ట గట్టిగా నొక్కడం, చేతికి సూది గుచ్చడం మాత్రం గుర్తున్నాయి. కళ్ళు తెరిచేసరికి పక్కన అత్త, ఆమె వెనక మొదలాళమ్మ, కాళ్ళ దగ్గర డాక్టరమ్మ. "చాలా రక్తం పోయింది. ఒంట్లో ఉండబట్టి తట్టుకుంది," అని తమిళంలో చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

అత్త ఒళ్ళో నా కూతురు ఉంది. ఆమె బిడ్డ తొడలు తడిమింది, చేతులు తడిమింది, బరువు చూస్తున్నట్టు కాస్త పైకి ఎత్తింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం మెల్లమెల్లగా పాలిపోయింది.

"ఇంత పెద్ద బిడ్డ," అంది. "జయకు ఏమీ కాలేదు." తల తిప్పి మొదలాళమ్మ వైపు చూసింది. "అట్లయితే నా కాళి ఎందుకు పోయిందమ్మా? అప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు. బిడ్డను చూసింది మీరే. నిజం చెప్పండి. నేను పెట్టలేదనా?"

ఊరంతటినీ ముఖం మీద కడిగేసే ఆ మనిషి, పందిట్లో మింగిన మాటను ఇప్పుడు బయటపెట్టే సమయం వచ్చింది. అడిగింది కూడా తల్లే. మొదలాళమ్మ నేల మీద కూర్చుంది, మా అత్త పక్కన, ఆసుపత్రి నేల మీద. నేను ఎప్పుడూ వినని చిన్న గొంతుతో చెప్పింది: "లేదు గురువమ్మా. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నింది. అది ఎవరి చేతిలోనూ లేదు. నువ్వు ఎంత పెట్టినా, పెట్టకపోయినా అదే అయ్యేది."

అత్త చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత బిడ్డను గుండెకు అదుముకుని "కాళీ, కాళీ" అని ఏడ్చింది.

రెండు రోజులకు ఆసుపత్రి వరండాలో నన్ను నడిపిస్తూ మొదలాళమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఎవరికైనా నోరు జారినావో, నాలుక కోసేస్తాను," అంది, మళ్ళీ తన పాత గొంతుతో. నా ఆకు కోసం ఆకలి నటించిన మాటలు పక్కన పెడితే, ఆమె చెప్పిన ఒకే ఒక్క అబద్ధానికి సాక్షిని నేను. బిడ్డకు ఏడాది నిండాక మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. మధ్యాహ్నం తీరిక వేళల్లో నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం లేదు. "నోరుంటే చాలదు, రాసేదీ రావాల" అనేది. ఆమె పోయి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ షెడ్డు పనంతా చూసుకునేది నేనే. గర్భిణీలు క్యారియర్లు విప్పితే ఎదురుగా కూర్చునేదీ నేనే. నన్ను కూడా లోపల తిట్టుకుంటారు, నాకు తెలుసు.

మా అత్త మాత్రం ఉంది, నాతోనే ఉంది. చూపు తగ్గింది, వినికిడి బాగానే ఉంది. నా కోపాన్ని మేడ మీద పెద్దావిడ మీద చూపించగలను, ఊరి మీద చూపించగలను, ఆఖర్న తినమని చెప్పిన తరాల మీద చూపించగలను. కానీ ఆ తప్పు చేసిన చేతులు నా ఇంట్లోనే ఉన్నాయి, నా కూతురికి జడ వేస్తున్నాయి. ఆ చేతుల ముందు నా కోపం ఎక్కడికీ పోలేక గొంతులోనే నిలబడుతుంది. నేను మేడ మీద గొడవ పడి వచ్చిన రోజు అత్త అంతా వింది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద కూర్చున్నాక మెల్లగా అడిగింది.

"జయా, మన కాళికి బిడ్డ అడ్డమే కదా తిరిగింది?"

"అవునత్తా."

"నువ్వు నన్ను ఊరడించేదానికి చెప్పడం లేదు కదా?"

"నేను చెప్పిందా అత్తా? మొదలాళమ్మ కదా చెప్పింది," అన్నాను. "ఆమె అబద్ధం ఆడే మనిషా?"